ముగ్గు వేసే చేతికి మౌసు ఇస్తే...

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే చాలు, మన కర్నూలు, కడప వైపు ఏ ఇంటి అరుగు మీద చూసినా ఒకటే చర్చ. ఇంజనీరింగా, డిగ్రీనా, ఫార్మసీనా, నర్సింగా? ఈ నాలుగూ దాటి అయిదో మాట వినపడదు. అన్నా, ఆ అన్న పిల్లను అందరూ ఎగాదిగా చూస్తారు. ప్రొద్దుటూరు దగ్గరి పల్లె నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం సరిగ్గా ఆ అయిదో మాట గురించే. వాళ్ల పాప ఇంటర్ ఎం.పి.సి. ప్యాసైందట. మార్కులు మధ్యరకం. కానీ చిన్నప్పటి నుంచీ నోటు పుస్తకాల వెనక పేజీలన్నీ బొమ్మలే, ఇంట్లో ఏ ఫంక్షనుకైనా కార్డు మీద అక్షరాలు తనే అందంగా రాస్తుందట. ఇప్పుడు "గ్రాఫిక్ డిజైన్ చదువుతానమ్మా" అని పట్టుబట్టి కూర్చుంది. వాళ్లాయనేమో "బొమ్మలు గీస్తే కూడు పెడతాయా?" అని ఒక్క మాటతో తీసిపారేశారు. "అక్కా, అదేం చదువో నాకే తెలీదు. ఇక ఆయనకేమని చెప్పను?" అని ఆవిడ బాధ.

ఆ చదువేమిటో తెలుసుకోవడానికి పట్నం పోనక్కర్లేదు. వంటింట్లోకి పదండి.

డబ్బాలు పెట్టుకునే అలమర తెరిచి చూడండి. మీరు టీ పొడి ప్యాకెట్టు తీసేటప్పుడు దాని పేరు చదువుతారా? చదవరు. రంగు చూసి చెయ్యి పోతుంది. అక్షరం ముక్క రాని మా పెద్దమ్మ కూడా తను వాడే సబ్బు ఏదో, పక్కింటి వాళ్లు వాడేది ఏదో కొట్టులో వేలు పెట్టి చూపించేది. అదే ప్యాకెట్టు మీద చతురస్రంలో పచ్చ చుక్క ఉంటే శాకాహారమని మనకెవరూ చెప్పక్కర్లేదు. మన తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ప్రతి ఆస్పత్రి గోడ మీదా తలకిందులుగా ఎర్ర త్రికోణం ఉండేది. అది కుటుంబ నియంత్రణ గుర్తు. ఆ రోజుల్లో ఆడవాళ్లు నోరు తెరిచి అడగడానికి సిగ్గుపడే విషయాన్ని, మాట్లాడకుండానే "ఇక్కడ దొరుకుతుంది" అని చెప్పిన బొమ్మ అది. చదువు రానివాళ్లకు కూడా అర్థం కావాలనే అంత సాదాగా గీశారు.

ఇంకోటి. ధర ముందు ఇప్పుడు వేస్తున్న రూపాయి గుర్తు ఉంది కదా, అడ్డగీతలు రెండు ఉండేది, అది 2010 జులై 15న వచ్చింది. డి. ఉదయకుమార్ అనే తమిళ యువకుడు బొంబాయి ఐ.ఐ.టి.లో డిజైన్ మీద పరిశోధన చేస్తూ గీసింది. దేశమంతా పోటీ పెడితే ఆయనది నెగ్గింది. హిందీ 'ర'నూ, ఇంగ్లీషు 'ఆర్'నూ కలిపి ఒక్క అక్షరంగా చేశాడు. ఇప్పుడు కిరాణా కొట్టు చీటీ నుంచి కరెంటు బిల్లు దాకా అది లేని కాగితం లేదు.

ఇదండీ గ్రాఫిక్ డిజైన్ అంటే. ఒక విషయాన్ని అక్షరాలతో, బొమ్మతో, రంగుతో, ఖాళీ జాగాతో చూసేవాళ్ల కంటికి చటుక్కున అందేలా అమర్చడం. బొమ్మలు వేసే చిత్రకారుడు వేరు, డిజైనరు వేరు. చిత్రకారుడు తన మనసులో ఉన్నది గీస్తాడు. డిజైనరు ఎదుటివాళ్ల పని కోసం గీస్తాడు. ఆస్పత్రిలో ప్రసూతి వార్డు ఎటో బాణం గుర్తు పెట్టేది, మందు సీసా మీద ఎన్ని చుక్కలు వేయాలో ముసలివాళ్ల కళ్లకు కనపడేలా రాసేది డిజైనరే. అది తప్పయితే అందం పోవడమే కాదు, ఇంకా పెద్ద నష్టమే జరగొచ్చు.

ఈ విద్య మన సీమకు కొత్తేమీ కాదు. పత్తికొండ దగ్గర యర్రగుడి కొండరాళ్ల మీద అశోకుడి శాసనాలున్నాయి, క్రీస్తుకు ముందు మూడో శతాబ్దం నాటివి. వాటిల్లో ఒకదాన్ని చెక్కినతను కొన్ని వరసలు ఎడమ నుంచి కుడికి, ఆ తర్వాతి వరస కుడి నుంచి ఎడమకు రాసుకుంటూ పోయాడు. మడక కట్టిన ఎద్దులు చాలు చివరిదాకా పోయి, మళ్లీ తిరిగి వచ్చినట్టన్నమాట. చదివేవాళ్లకు ఎంత తికమకో ఆలోచించండి. వరస ఎటు పోవాలన్నది కూడా ఒకరు కూర్చుని నిర్ణయించాల్సిన విషయమేనని ఆ బండ చూస్తే తెలుస్తుంది. ఇటు కడప జిల్లాలో ఎర్రగుంట్ల దగ్గర కలమళ్లలో దొరికిన రేనాటి చోళుల శాసనం క్రీ.శ. 575 నాటిది. తెలుగులో మనకు దొరికిన మొదటి శాసనం అదేనంటారు. అంటే తెలుగక్షరం తన రూపు దిద్దుకున్న చోట్లలో మన ఊళ్లు ఉన్నాయి.

1820లో కడపకు ఉద్యోగం మీద వచ్చిన సి.పి. బ్రౌను దొర సంగతి మీకు తెలిసిందే. కడపలో ఆయన బంగళా ఉన్న చోటే ఇప్పుడు బ్రౌన్ గ్రంథాలయం ఉంది. ఆయన పండితుల్ని పెట్టి తాటాకు పుస్తకాలన్నీ కాగితం మీదికి ఎక్కించాడు, 1829లో వేమన పద్యాలు అచ్చువేయించాడు. తాటాకు మీద మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండదు, పద్యమైనా వచనమైనా బారుగా సాగిపోతుంది. అచ్చులోకి వచ్చాక పద్యం పాదాలుగా విడివడింది, మధ్య ఊపిరి పీల్చుకునే జాగా వచ్చింది. ఖాళీ జాగా కూడా చదివించే పనిముట్టే. డిజైన్ చదువులో మొదటి ఏడాది నేర్పే పాఠాల్లో ఇదొకటి.

ఇక మన చేతిలో పనికి వద్దాం. ముగ్గు వేసేటప్పుడు ముందు చుక్కలు పెడతాం. పదిహేను చుక్కలు, ఎనిమిది వరకు, సందు చుక్క. ఆ తర్వాతే గీత. చుక్కలు వంకర పోతే ఎంత చక్కటి గీతైనా ముగ్గు కుదరదు. కంప్యూటరు మీద పేజీ చేసేవాళ్లు కూడా ముందు కనపడని గళ్లు గీసుకుంటారు, దాన్ని గ్రిడ్ అంటారు. మీ చేతిలో ఉన్న పత్రికలో ఏ పేజీ తిప్పినా కాలమ్‌లు ఒకే వెడల్పున, శీర్షికలు ఒకే ఎత్తున ఉన్నాయంటే అడుగున ఆ చుక్కలున్నట్టే.

అమెరికాలో సూసన్ కేర్ అనే ఆవిడ ఉంది. 1984లో వచ్చిన మాకింతోష్ కంప్యూటరుకు తెర మీది చిన్న చిన్న బొమ్మలు చాలావరకు ఆవిడే గీసింది. చెత్తబుట్ట, గడియారం, నవ్వుతున్న కంప్యూటరు అన్నీ. ఎలా గీసిందనుకున్నారు? గళ్ల కాగితం తెచ్చుకుని, అడ్డం ముప్పైరెండు, నిలువు ముప్పైరెండు గళ్లు పెట్టుకుని, ఒక్కో గడి నలుపు చేసుకుంటూ! మన క్రాస్ స్టిచ్ టేబుల్ క్లాత్‌కూ దీనికీ తేడా ఏముంది చెప్పండి. ఆవిడకు కుట్టుపని మీదున్న అవగాహన ఇక్కడ పనికొచ్చింది. 1990లో వచ్చిన విండోస్‌లో పేకముక్కల ఆట ఉండేది కదా, ఆ పేకలు గీసింది కూడా ఆవిడే. అంత దూరం ఎందుకు, మన ఒంటిమిట్ట వైపు మాధవరంలో, ఇటు ఎమ్మిగనూరులో నేసే ఇళ్లున్నాయి. జకార్డు మగ్గం మీద నేసే చీరకు అంచు మీద నెమలి కావాలంటే ముందు గళ్ల కాగితం మీదే గీస్తారు. ఒక్కో గడి ఒక్కో పోగు లెక్క.

తెలుగక్షరం దగ్గర అసలు కష్టం మొదలవుతుంది. ఇంగ్లీషు అక్షరాలు ఒకే మట్టంలో బుద్ధిగా కూర్చుంటాయి. మనవి అలా కాదు, మూడంతస్తుల మిద్దె. పైన గుడి, తలకట్టు, మధ్యలో అక్షరం, కింద ఒత్తు. ఇంగ్లీషుకు పెట్టినంత సందే రెండు వరసల మధ్య పెడితే పై వరస ఒత్తు కింది వరస గుడి నెత్తి మీద కూర్చుంటుంది. పెళ్లి పత్రికల్లో ఈ తిప్పలు ఎన్నిసార్లు చూడలేదు! పెళ్లికొడుకు తాతగారి పేరులో ఒత్తు మింగేసి, ఆ పెద్దాయన పత్రిక పంచే వాళ్ల మీద అలిగి కూర్చోవడం మన ఊళ్లల్లో మామూలే.

బాపుగారు లా చదివారు. ప్రకటనల కంపెనీలో పనిచేశారు. పుస్తకాల అట్టలు, శీర్షికలు, సినిమా పేర్లు తన చేతిరాతతో రాస్తే అది చూడగానే "బాపు అక్షరం" అనిపించింది. తర్వాత ఆ చేతిరాతే కంప్యూటరు ఫాంటుగా వచ్చింది. 2013లో పద్మశ్రీ ఇచ్చారు, 2014లో పోయారు. ఆయన అక్షరం మాత్రం ఇప్పటికీ ఎన్ని శుభలేఖల మీద కూర్చుని ఉందో! అక్షరానికి కూడా ముఖం ఉంటుంది, కోపం, నవ్వు ఉంటాయి అని తెలుగువాళ్లకు చూపించింది ఆయనేనని నా నమ్మకం. సిలికానాంధ్ర వాళ్లు, అప్పటి రాష్ట్ర ప్రభుత్వం కలిసి 2011, 2012 ప్రాంతాల్లో కొన్ని తెలుగు ఫాంట్లు ఉచితంగా విడుదల చేశారు. వాటిల్లో కొన్నిటికి మన కవుల పేర్లే పెట్టారు. ధూర్జటి, గురజాడ, సురన్న, పెద్దన... కడప జిల్లా కోకటం అగ్రహారం పొందిన అల్లసాని పెద్దనే ఆ పెద్దన. ఈ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో పైసా ఖర్చు లేకుండా దొరుకుతాయి. పిల్లలు నేర్చుకోవాలంటే దొంగ ఫాంట్లు కొట్టుకొచ్చే పని లేదు.

సరే, మన ఊళ్లో ఈ పని ఎక్కడుంది? కర్నూలులో గాని, కడపలో గాని బస్టాండు చుట్టూ నాలుగు సందులు తిరగండి. ఫ్లెక్సీ షాపులు, శుభలేఖల షాపులు, ఫోటో ఆల్బం చేసే స్టూడియోలు, జెరాక్సు పక్కనే డి.టి.పి. సెంటర్లు కనిపిస్తాయి. ఒకప్పుడు ఈ పని పెయింటర్లది. గోడ మీద సున్నం కొట్టి, దారంతో గీత పట్టి, కుంచెతో నిలువెత్తు అక్షరం ఒక్క ఊపులో రాసేవాళ్లు. ఫ్లెక్సీ వచ్చాక వాళ్లలో చాలామంది ఇళ్లకు రంగులేసే పనికి మళ్లారు. 2022లో మన రాష్ట్ర ప్రభుత్వం ప్లాస్టిక్ ఫ్లెక్సీలు నిషేధిస్తామని ప్రకటించినప్పుడు ఈసారి ఫ్లెక్సీ షాపుల వాళ్ల గుండెలు గుభేలుమన్నాయి. గోడ పోయి ఫ్లెక్సీ వచ్చింది, రేపు ఫ్లెక్సీ పోయి గుడ్డ వస్తుంది. ఏది వచ్చినా దాని మీద ఏం రాయాలి, ఎక్కడ రాయాలి అన్నది తెలిసినవాళ్లు నిలబడతారు. మిషను నడపడం ఒక్కటే తెలిసినవాళ్లకు మిషనుతో పాటే పని పోతుంది. పాప నాన్నగారికి ముందు చెప్పాల్సిన మాట ఇదే.

ఆ షాపుల్లో జరిగే పొరపాట్లు చూస్తే చదువు విలువ తెలుస్తుంది. ఫోనులో వచ్చిన అగ్గిపెట్టెంత ఫోటో ఇచ్చి పదడుగుల ఫ్లెక్సీ వేయమంటారు. మజ్జిగలో నీళ్లు పోసుకుంటూ పోతే చివరికి తెల్లనీళ్లు మిగిలినట్టు, ముఖం చెదిరి గళ్లు గళ్లుగా వస్తుంది. అదే గీతలతో చేసిన గుర్తయితే ఎంత పెద్దది చేసినా చెదరదు. చుక్కల లెక్క తెలిస్తే అదే ముగ్గు గడప ముందరా వేయొచ్చు, గుడి ముందరా వేయొచ్చు కదా, అలాగన్నమాట. వీటినే వాళ్ల భాషలో బిట్‌మ్యాప్, వెక్టర్ అంటారు.

రంగుల సంగతి మరీ ముఖ్యం. చీరల షాపులో ట్యూబులైటు కింద చూసిన రంగు ఇంటికొచ్చి ఎండలో చూస్తే వేరేగా ఉండటం మనందరికీ అనుభవమే. కంప్యూటరు తెర మీద రంగు వెలుతురుతో పుడుతుంది, ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిసి. అచ్చులో నాలుగు సిరాలతో పుడుతుంది, ఆకాశనీలం, గులాబీ, పసుపు, నలుపు. అందుకే తెర మీద కుంకుమ రంగులో మెరిసిన శుభలేఖ అచ్చయి వచ్చేసరికి ఇటుక రంగుకు తిరుగుతుంది. తెలిసిన డిజైనరు ముందే అచ్చు రంగుల్లో చేసి, ఒక కాపీ తీయించి చూపిస్తాడు. వెయ్యి కార్డులు అయ్యాక చూస్తే ఏం లాభం?

కానీ ఈ షాపుల్లో ఒక పద్ధతి చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. "డిజైన్ ఫ్రీ అక్కా, ప్రింటింగుకే డబ్బులు" అంటారు. మూడు గంటలు కూర్చుని, ఆరుసార్లు దిద్ది, పేర్లన్నీ సరిచూసిన పిల్ల పనికి విలువ సున్నా, కాగితానికీ సిరాకూ మాత్రం ధర! పొద్దున్నుంచి రాత్రి దాకా మనం ఇంట్లో చేసేదాన్ని "ఖాళీగానే ఉంటావు కదా" అనడం లాంటిదే ఇది. కడప, కర్నూలు షాపుల్లో పనిచేసే పిల్లలకు చేతికొచ్చేది తక్కువే. దాన్ని దాచిపెట్టి ఇది బంగారు బాతు అని చెప్పడం నాకిష్టం లేదు. అయితే ఈ రంగం ఆ షాపులతో అయిపోదు. దినపత్రికల పేజీలు చేసే విభాగాలు, టి.వి. చానళ్లు, ప్రకటనల సంస్థలు, పుస్తకాల ప్రచురణ, మందుల, తినుబండారాల ప్యాకింగు, బట్టల డిజైన్, ఫోనులో మనం నొక్కే ప్రతి యాప్ తెరా, ఇవన్నీ ఈ చదువు చదివినవాళ్లు చేసేవే. బ్యాంకు యాప్‌లో డబ్బు పంపే బటను ఎక్కడుండాలో నిర్ణయించేది కూడా డిజైనరే. హైదరాబాదు, బెంగుళూరు సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో వాళ్లకు ప్రత్యేకంగా ఉద్యోగాలున్నాయి.

ఇప్పుడు చదువుల సంగతి. కొంచెం నిదానంగా చదవండి.

మన కడపలోనే 2020లో డాక్టర్ వై.ఎస్.ఆర్. పేరుతో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ పెట్టారు. అక్కడ బి.ఎఫ్.ఏ. అనే నాలుగేళ్ల డిగ్రీలో పెయింటింగు, శిల్పం, ఫోటోగ్రఫీ, యానిమేషన్‌తో పాటు అప్లైడ్ ఆర్ట్ ఉంది. మనం చెప్పుకుంటున్న గ్రాఫిక్ డిజైన్‌కు బి.ఎఫ్.ఏ.లో ఉన్న పేరు ఈ అప్లైడ్ ఆర్టే. పేరు తెలియక చాలామంది నోటిఫికేషన్ చూసి కూడా దాటేస్తారు. ప్రవేశానికి ఏడీసెట్ అనే పరీక్ష పెడతారు, అది ఇంటర్ పరీక్షలయ్యాక జరుగుతుంది. ఏ గ్రూపు చదివినా రాయొచ్చు. ప్రొద్దుటూరు నుంచి కడప ఎంత దూరం? ఆడపిల్లను అంత దూరం ఎలా పంపాలి అనే బెంగ కూడా లేదు. ఉత్తరం రాసిన సోదరి ముందుగా కనుక్కోవాల్సింది ఈ యూనివర్సిటీలో ఈ ఏటి తేదీలు. బ్రోచరు చూసి సరిపెట్టుకోకుండా, ఒకసారి పాపను తీసుకుని స్వయంగా వెళ్లండి. క్లాసులు, హాస్టలు, కంప్యూటర్లు ఎలా ఉన్నాయో కళ్లతో చూడండి. అక్కడ చదివే పిల్లల్ని పక్కకు పిలిచి అడగండి, వాళ్లు ఉన్నదున్నట్టు చెబుతారు.

ఇంకా పెద్ద మెట్టు ఎక్కాలనుకుంటే జాతీయ డిజైన్ సంస్థ, ఎన్.ఐ.డి. అంటారు. మొదటిది 1961లో అహ్మదాబాదులో పెట్టారు. మన రాష్ట్రానికి 2015లో వచ్చింది, మొదట గుంటూరు వైపు నాగార్జున యూనివర్సిటీ ఆవరణలో నడిచింది. 2019లో చట్టం చేసి దీనికి జాతీయ ప్రాముఖ్యం ఉన్న సంస్థ అనే హోదా ఇచ్చారు. నాలుగేళ్ల బి.డిజైన్. ఐ.ఐ.టి.ల్లో డిజైన్ చదవాలంటే యూసీడ్ అనే పరీక్ష రాయాలి, హైదరాబాదు ఐ.ఐ.టి.లోనూ ఆ కోర్సు ఉంది. ఇక్కడే మన తల్లిదండ్రులు దెబ్బతినేది. ఈ రెండు పరీక్షలూ చలికాలంలో, డిసెంబరు, జనవరి ప్రాంతంలో జరుగుతాయి. అంతకు ముందే దరఖాస్తు పెట్టాలి. అంటే పాప ఇంటర్ రెండో ఏడాదిలో ఉండగానే. మార్కులు వచ్చాక చూద్దాంలే అనుకుంటే ఏడాది పోయినట్టే. వచ్చే ఏడాది పరీక్ష రాసే పిల్లలున్నవాళ్లు ఈ నెలల్ని క్యాలెండరు మీద గుండ్రంగా చుట్టిపెట్టుకోండి.

హైదరాబాదులో మాసబ్ ట్యాంకు దగ్గర జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది. యూనివర్సిటీ అయింది 2008లోనే గాని దాని ఫైన్ ఆర్ట్స్ కాలేజీ ఎప్పటిదో పాతది. కర్నూలు పిల్లలకు అది దగ్గరే, కానీ రాష్ట్రం వేరు కాబట్టి మనవాళ్లకు సీట్ల నిబంధనలేమిటో ముందే అడిగి తెలుసుకోండి. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో కూడా ఫైన్ ఆర్ట్స్ ఉంది. ఇంకా స్కూల్లో ఉన్న పిల్లలయితే ప్రభుత్వం జరిపే డ్రాయింగు లోయర్, హయ్యర్ పరీక్షలు రాయించండి. టైలరింగు లోయర్, హయ్యర్ మనలో ఎంతమంది రాయలేదు, అలాంటివే ఇవి. చెయ్యి కుదురుతుంది, బొమ్మలకు ఒక క్రమం వస్తుంది.

ఈ ప్రవేశ పరీక్షల్లో అందంగా గీయడం ఒక్కటే చూడరు. "వానలో బస్సు దిగుతున్న ముసలామెకు ఏం ఇబ్బందులుంటాయి, దానికి నువ్వేం చేస్తావు?" లాంటి తరహా ప్రశ్నలుంటాయి. చుట్టూ చూసి ఆలోచించే పిల్లలు కావాలి వాళ్లకు. అందుకని బొమ్మలు గీసే పిల్లను గదిలో కూర్చోబెట్టి సినిమా తారల ముఖాలు కాపీ కొట్టించకండి. సంతకు తీసుకెళ్లండి, రేషను షాపు దగ్గర క్యూ ఎలా నిలబడుతుందో గీయమనండి.

మూడు నెలల కోర్సుల గురించి ఒక హెచ్చరిక. మా బంధువుల అమ్మాయి ఒకామె ఒక సెంటరులో డబ్బు కట్టి చేరింది. "నూటికి నూరు శాతం ఉద్యోగం" అని బోర్డు మీద రాశారు. మూడు నెలలూ ఏ బటను నొక్కితే ఏమవుతుందో చూపించారు, అంతే. అక్షరం గురించి, రంగు గురించి, ఒక్క మాట లేదు. చివరికి ఇప్పించిన ఉద్యోగం ఏమిటంటే, ఇంకో పిల్లలకు ఫోన్లు చేసి ఆ సెంటరులో చేరమని చెప్పడం! ఫోటోషాప్, కోరల్‌డ్రా నేర్చుకోవద్దని అనను, అవి చేతి పనిముట్లు, తప్పవు. తెలుగు షాపుల్లో పనిచేయాలంటే అను ఫాంట్ల టైపింగు కూడా రావాలి. కానీ గరిటె పట్టుకోవడం నేర్పితే వంట నేర్పినట్టు కాదు. చేరే ముందు అక్కడ నేర్చుకున్న పిల్లలు సొంతంగా చేసిన పది పనులు చూపించమని అడగండి. అందరివీ ఒకే గ్రీటింగు కార్డు అయితే మెట్లు దిగి వచ్చేయండి. ఇక "ఇంట్లో కూర్చుని డిజైన్ చేయండి, ముందు రిజిస్ట్రేషను ఫీజు పంపండి" అని ఫోనుకు వచ్చేవాటిని మూట కట్టి బావిలో పడేయండి. పని ఇచ్చేవాళ్లు మనకు డబ్బివ్వాలి గాని మన దగ్గర తీసుకోవడమేమిటి?

కృత్రిమ మేధ సంగతి కూడా అడుగుతారు. 2022 నుంచి మాట టైపు చేస్తే బొమ్మ వేసిచ్చే ప్రోగ్రాములు అందరి చేతికీ వచ్చాయి. పుట్టినరోజు పోస్టరు లాంటి చిన్న పనులకు ఇక డిజైనరు దగ్గరికి వచ్చేవాళ్లు తగ్గుతారు, ఆ మాట పాప నాన్నగారికి దాచకుండా చెప్పాలి. అయితే అవి చేసిచ్చిన దాంట్లో తెలుగు ఒత్తు సరిగ్గా పడిందా, ఆ బొమ్మలో పెళ్లికూతురు కట్టు మన కట్టేనా, తలంబ్రాలు ఎవరి చేతిలో ఉన్నాయి అని చూసి చెప్పే కన్ను కావాలి. ఆ కన్ను నాలుగేళ్లు కష్టపడితే వస్తుంది. కాబట్టి ఎంత ఎక్కువ చదివితే అంత మేలు, మూడు నెలల సర్టిఫికెట్టు మీద ఆధారపడే రోజులు మాత్రం పోతున్నాయి.

పిల్లల సంగతి అలా ఉంచితే, మనలో ఎంతమంది చెనిక్కాయల పొడి, కారం పొడి, ఓళిగలు చేసి అమ్ముకోవడం లేదు? మెలనీ పెర్కిన్స్ అని ఆస్ట్రేలియా అమ్మాయి ఉంది. పెర్త్ నగరంలో తోటి విద్యార్థులకు డిజైన్ ప్రోగ్రాములు నేర్పేది. వాళ్లు అవస్థ పడటం చూసి, ఇంత కష్టం ఎందుకుండాలి అనుకుని, వాళ్లమ్మ ఇంటి హాల్లోనే 2007లో స్కూలు పుస్తకాలు డిజైన్ చేసే చిన్న సంస్థ పెట్టింది. 2013లో అదే ఆలోచనతో కాన్వా వచ్చింది. ఫోనులోనే పనిచేస్తుంది, మామూలు అవసరాలకు ఉచితం, తెలుగూ రాయొచ్చు. మన పొడి ప్యాకెట్టు లేబులు మనమే చేసుకోవచ్చు.

లేబులు మీద మన ఆడవాళ్లు చేసే పని నేను చాలా చూశాను. నాలుగు మూలలా నాలుగు పూలు, మధ్యలో దేవుడు, చుట్టూ బంగారు అంచు, అయిదు రంగుల అక్షరాలు. పొడి పేరు మాత్రం వెతుక్కోవాలి! పట్టుచీర మీద అన్ని నగలూ ఒకేసారి పెట్టుకున్నట్టు. ముందు పేరు పెద్దగా, ఒకే రంగులో. అది ఏమిటో చెప్పే బొమ్మ ఒకటి, చెనిక్కాయలైతే చెనిక్కాయలే. ఆ తర్వాత తప్పనిసరిగా ఉండాల్సినవి: వేసిన దినుసులు, బరువు, ధర, చేసిన తేదీ, ఎన్నాళ్లు వాడొచ్చో, మీ చిరునామా, పచ్చ చుక్క, ఆహార భద్రతా సంస్థ ఇచ్చే పద్నాలుగంకెల నంబరు. ఈ నంబరు లేకుండా ప్యాకెట్టు అమ్మకూడదు, ముందు రిజిస్ట్రేషను చేయించుకోండి. అచ్చు వేయించే ముందు ఒక కాగితం తీసి డబ్బాకు అతికించి, అలమరలో పెట్టి ఆరడుగుల దూరం జరగండి. కళ్లజోడు తీసి చూడండి. పేరు కనిపిస్తే సరే. కనిపించకపోతే ఒక పువ్వు తీసేయండి. మళ్లీ చూడండి.

ఇరుగుపొరుగు చూసి "మాకూ ఒకటి చేసిపెట్టు వదినా" అని వస్తారు. అక్కడ మొహమాటపడకండి. పాప చేసినా, మీరు చేసినా అరకాగితం మీద రాసుకోండి. ఎవరికి, ఏ సైజు, ఎన్నిసార్లు దిద్ది ఇస్తాం, ఏ రోజుకు, ఎంత. రెండుసార్లకు మించి మార్పులంటే దానికి వేరే. సగం డబ్బు ముందు. పేర్లు, ఫోను నంబర్లు వాళ్లే చదివి, సరిగా ఉన్నాయని సంతకం పెట్టాకే అచ్చుకు పంపండి. ఆడపడుచు వరసయితే కొంచెం తగ్గించండి, కానీ ఊరికే మాత్రం చేయకండి.